“రైతు ఆడవాళ్ళకూ ప్రేమించడం వచ్చు”: కరంజీన్ ఈ మాట ఎవరి గురించి అన్నాడు?

మిత్రులారా, యూరప్ సాహిత్యంలో సెంటిమెంటలిజం (మనసు చలించడానికీ, కన్నీటికీ పెద్దపీట వేసిన పద్ధెనిమిదో శతాబ్దపు ధోరణి) గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు రష్యన్ రచయిత కరంజీన్ వాక్యం ఒకటి ఉదహరిస్తారు. 1792లో ఆయన తన పత్రికలో అచ్చువేసిన “పేద లీజా” కథలోది. రష్యన్‌లో నాలుగే మాటలు: “ఇ క్రెస్త్యాన్కి ల్యుబీత్ ఉమేయుత్”. రైతు ఆడవాళ్ళకూ ప్రేమించడం వచ్చు అని అర్థం. పూలమ్మే లీజాకూ, ధనవంతుడైన ఎరాస్త్‌కూ నడిచిన ప్రేమకు దీన్ని శీర్షికలా వాడుతున్నారు. కానీ కథలో ఈ మాట వచ్చే సమయానికి లీజా ఇంకా ఎరాస్త్ ముఖమే చూడలేదు.

ఆ మాట ఆమె తల్లి గురించి. భర్త చనిపోయాడు. ఆ ముసలి వితంతువు ఎడతెగకుండా ఏడుస్తూ రోజురోజుకూ నీరసించిపోతోంది. ఆ సంగతి చెబుతున్న వాక్యం మధ్యలో రెండు గీతల నడుమ కరంజీన్ ఈ ముక్క చేర్చాడు. అంటే ఇక్కడ ప్రేమకు సాక్ష్యం యౌవనమూ కాదు, అందమూ కాదు. పోయిన మొగుడి కోసం ఒక పేద ఆడమనిషి పడే దుఃఖం. నాకు ఇది చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

ఇక మాటల సంగతి. చాలామంది “ప్రేమించడం తెలుసు” అని రాస్తున్నారు. తప్పనను గానీ, మన భాషలో అంతకంటే మంచి మాట సిద్ధంగా ఉంది. ఈత వచ్చు, పాడటం వచ్చు, నేత వచ్చు అంటాం. సమాచారం తెలియడం వేరు, పని చేతనవడం వేరు. రష్యన్ కూడా ఈ తేడా పాటిస్తుంది; ఇక్కడున్న క్రియ చేతనైనదాన్ని చెప్పేదే. కాబట్టి “వచ్చు” అచ్చంగా అతుకుతుంది. ఆ కాలపు పెద్దింటి పాఠకులు సున్నితమైన మనసును చదువుతో, సంస్కారంతో అబ్బే విద్యగా తలచేవారు. ఇంగ్లండులో రిచర్డ్‌సన్ 1740లో “పమేలా” రాసి ఒక పనిపిల్ల మనసును నవల నిండా పరిచాడు. ఫ్రెంచిలో రూసో “జూలీ” 1761లో, జర్మన్‌లో గోథే “వెర్తర్” 1774లో వచ్చాయి. ఇవన్నీ చదివి కళ్ళు తుడుచుకున్న రష్యన్ కులీనులకు, ఆ విద్య మీ భూముల్లో పనిచేసే ఆడవాళ్ళకూ ఉందని కరంజీన్ చెబుతున్నాడు.

వ్యాఖ్య: మాస్టారూ, ఆ “కూ” దగ్గరే నాకు అభ్యంతరం. “వాళ్ళకు కూడా” అనడంలోనే యజమాని గొంతు వినిపిస్తోంది కదండీ! రైతు ఆడవాళ్ళు మనుషులేనని ఎవరికో నచ్చజెప్పవలసి రావడమే అవమానం.

జవాబు: మీరన్నది నిజమమ్మా. కరంజీన్ కూడా భూస్వాముల బిడ్డే. రైతులను భూస్వాముల సొత్తుగా కట్టేసిన దాసత్వం రష్యాలో రద్దయింది 1861లో. ఈ కథకు దాదాపు డెబ్బై ఏళ్ళ తరువాత. లీజా కోసం ఏడ్చినవారు ఆమె మునిగిన చెరువు ఇదేనంటూ మాస్కోలో సీమనవ్ మఠం పక్కకు యాత్రలు చేశారు, అక్కడి చెట్ల మీద రాతలు చెక్కారు. ఆ కన్నీళ్ళు వారి దాసులకు విడుదల తేలేదు. అదే సెంటిమెంటల్ ధోరణిలో రాసిన మరో రష్యన్ రచయిత రదీషెవ్ తన “పీటర్స్‌బర్గ్ నుంచి మాస్కోకు ప్రయాణం”లో దాసత్వాన్నే నిలదీశాడు. 1790లో ఆ పుస్తకం వచ్చాక ఆయనకు మొదట మరణశిక్ష వేసి, తరువాత దాన్ని సైబీరియా ప్రవాసంగా మార్చారు. చలించడంతో ఆగిపోయినవారికీ, ఎందుకని అడిగినవారికీ ఉన్న దూరం అది.

అయినా కరంజీన్ను అక్కడితో వదిలేయలేను. మొదటిసారి కలిసినప్పుడు ఐదు కోపెక్కుల (వంద కోపెక్కులు ఒక రూబుల్) పూలకు ఎరాస్త్ ఒక రూబుల్ ఇవ్వబోతాడు. ఎక్కువ అక్కర్లేదంటుంది లీజా. చివర అతను జూదంలో ఆస్తి పోగొట్టుకుని, డబ్బున్న వితంతువును పెళ్ళాడబోతూ, లీజా చేతిలో వంద రూబుళ్ళు పెట్టి, ఆమెను బయటికి సాగనంపమని నౌకరుకు చెబుతాడు. ప్రేమించడం ఎవరికి రాదో కథ అక్కడ తేల్చేసింది. కూతురి చావు విన్న తల్లి ఆ క్షణమే ప్రాణం విడుస్తుంది. ఆ నాలుగు మాటలు ఆమెకు చెందినవని కథ చివరిదాకా మరవలేదు.

కనుక “కూ”ను తీసేయవద్దని నా మనవి. తీసేస్తే వాక్యం ఇంపుగానే ఉంటుంది. ఆ కాలం మాత్రం అందులోంచి వెళ్ళిపోతుంది. మరొక మాట: “పల్లెపడుచులకూ ప్రేమించడం తెలుసు” అని ఒకరు సూచించారు. వినసొంపుగా ఉంది, కానీ పడుచులు అనగానే ముసలితల్లి వాక్యంలోంచి జారిపోతుంది. “రైతు ఆడవాళ్ళు” అందాం. తల్లీ, కూతురూ ఇద్దరూ అందులో ఇముడుతారు.