ఉద్యోగం తర్వాత మిగిలే మూడు గంటలు: బండి, పచ్చళ్లు, ట్యూషన్లలో ఏది మేలు?

పోర్టు_గుమాస్తా
నేను విశాఖ పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. చేతికి 21,000 జీతం వస్తే అందులో 7,500 అద్దెకే పోతుంది. సాయంత్రం ఆరున్నరకల్లా గోపాలపట్నంలో ఇల్లు చేరతాను కాబట్టి రాత్రి పది వరకు సమయం నాదే. చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు తీరాలంటే నెలకు మరో 7,000 కావాలి. నాకు సొంత బండి ఉంది, డిగ్రీలో లెక్కలు చదివాను, ఇంట్లో సాయానికి మనిషి ఉంది. ఫుడ్ డెలివరీ, ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మడం, ట్యూషన్లు, ఈ మూడింటిలో ఏది మేలో స్వయంగా చేసినవారు ఖర్చులు తీసేసిన లెక్కతో చెప్పాలని కోరుతున్నాను.

గాజువాక_బండి
రెండేళ్లుగా చేస్తున్న పని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను, బండిని మించినది లేదు. పగలు షెడ్డులో వెల్డింగు పని చేసుకుని సాయంత్రం ఏడు నుంచి పదకొండున్నర వరకు డెలివరీకి తిరుగుతాను. రోజుకు సగటున 600 చొప్పున నెలకు 24 రోజులు తిరిగితే 14,400 వస్తుంది. సరుకు కొని పెట్టుబడి పెట్టనక్కర లేదు, బాకీల కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడనక్కర లేదు, ఒంట్లో బాగాలేని రోజున డెలివరీ యాప్ ఆపేసి పడుకోవచ్చు. పచ్చళ్లంటే అరువు బేరం, ట్యూషనంటే తల్లిదండ్రుల నస.

ఉప్పు_కారం_ఆవ
ఆయన పచ్చళ్ల పని చేయకుండానే తీర్పు చెప్పేశారు. ఎంవీపీ కాలనీలో ఆరేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ముందు డబ్బు పంపనిదే ఒక్క సీసా కూడా గుమ్మం దాటించను. వేసవిలో ఆవకాయ, మాగాయ, కార్తీకం నుంచి ఉసిరికాయ, చలికాలంలో చింతకాయ, ఆ తర్వాత పండుమిర్చి, తక్కిన రోజుల్లో అల్లం, టమాటా, గోంగూర, ఇలా ఏడాది పొడుగునా పని ఉంటుంది. నెలకు 30 కిలోలు, కిలో 600 చొప్పున అమ్మితే 18,000. కాయ, నువ్వుల నూనె, కారం, ఆవపిండి అన్నీ కలిపి కిలోకు 330 పడుతుంది, అంటే 9,900. సీసాలకు, ప్యాకింగుకు 1,500 తీసేస్తే నాకు 6,600 మిగులుతుంది. నేను పెట్టేది నెలకు 40 గంటలే కాబట్టి గంటకు 165 పడుతుంది.

అయితే రెండు విషయాలు ముందే తెలుసుకోండి. అమ్మకానికి తయారు చేసేవారు ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. నేను తీసుకున్నప్పుడు చిన్న తయారీదారుకు రుసుము ఏడాదికి 100 రూపాయలే కాబట్టి బద్ధకించడానికి కారణం లేదు. రెండోది తడి. కొట్టించిన మామిడికాయ ముక్కలను పొడిగుడ్డతో ఒక్కొక్కటిగా తుడిచి, జీడి తీసి, టెంక లోపలి పొర గీకి, ఆరబెట్టాలి. మొదటి ఏడాది ఆ పనిలో తొందరపడి 12 కిలోల ఆవకాయను బూజు పట్టించుకున్నాను.

లెక్కల_మాస్టారు
ప్రశ్న అడిగినవారు ఖర్చులు తీసేసిన లెక్క కోరారు, బండి సోదరుడు మొత్తం రాబడి చెప్పి ఊరుకున్నారు. నాలుగున్నర గంటల్లో సుమారు 80 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. లీటరుకు 45 ఇచ్చే బండికి, పెట్రోలు 110 దగ్గర పెట్టుకుంటే, రోజుకు 195, నెలకు దాదాపు 4,700 అవుతుంది. నెలకు 1,900 కిలోమీటర్లు పరిగెత్తే బండికి ఇంజనాయిలు, బ్రేకులు, చైను, టైర్లు కలిపి 700 తప్పవు. అమ్మబోయే నాటికి బండి ధర పడిపోతుంది కనుక అందుకు మరో 1,000 వేయండి. చివరకు మిగిలేది 8,000. దాన్ని 108 గంటలకు పంచితే గంటకు 74 మాత్రమే.

నేను పనిచేసే బడి వేరు, సాయంత్రం మా వీధి పిల్లలకు చెప్పే లెక్కలు వేరు. ఎనిమిది మంది, మనిషికి 800, నెలకు 6,400, గంటన్నర చొప్పున 24 రోజులు. గంటకు 178 పడుతుంది, ఖర్చు చాక్‌పీసులదే.

గాజువాక_బండి
నా బండి 45 కాదు, 52 ఇస్తుంది. పైగా 80 కిలోమీటర్లు ఎక్కడివి? గాజువాక చుట్టుపక్కలే తిరిగితే 65 దాటదు.

లెక్కల_మాస్టారు
52 అన్నది ఖాళీ రోడ్డు మీద మాట. హోటలు ముందు ఆగుతూ, సిగ్నళ్ల దగ్గర ఆగుతూ, సీతమ్మధార వంటి చోట్ల ఎత్తు ఎక్కుతూ పోతే 38 వచ్చినా గొప్పే. మీమీద దయతో 45 వేశాను.

గాజువాక_బండి
నా బండి మైలేజీ మీకెలా తెలుస్తుంది? ట్యాంకు నిండా పోయించి, మళ్లీ నింపేటప్పుడు కొలిచి చెబుతున్నాను. సుద్దముక్కతో బోర్డు మీద వేసే లెక్కకు, రోడ్డు మీద లెక్కకు తేడా ఉంది.

మధురవాడ_వాసి
మైలేజీ కన్నా పెద్ద విషయం ఒకటుంది. దేశంలో గిగ్ కార్మికులు, అంటే డెలివరీ లాంటి పనులు నెల జీతం లేకుండా పనికి ఇంతని చేసేవారు, 2020-21లో 77 లక్షల మంది ఉన్నారని, 2029-30 నాటికి 2.35 కోట్లు కావచ్చని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది. మా వైపు రాత్రి తొమ్మిదింటికి ప్రతి బిర్యానీ హోటలు ముందు బళ్లు బారులు తీరి ఉంటున్నాయి. ఆర్డర్లు అంత వేగంగా పెరగకపోతే ఈ 600 ఎన్నాళ్లు నిలుస్తుందో ఆలోచించాలి.

ఆప్షన్స్_ఆశావాది
ఎండలో తిరగడం, కారం దంచడం ఎందుకు? ఫోనులో షేర్ మార్కెట్ ఆప్షన్స్ ట్రేడింగు నేర్చుకుంటే 7,000 ఒక్క వారంలో వస్తుంది.

లెక్కల_మాస్టారు
2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో, అంటే షేర్ల రాబోయే ధరల మీద వేసే పందేల్లో, దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీయే ప్రకటించింది. సగటు నష్టం ఒక్కొక్కరికి దాదాపు 2 లక్షలు. అప్పులో ఉన్న మనిషికి ఈ సలహా ఇవ్వకండి.

హార్బరు_కుర్రాడు
మాకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. ఆ రెండు నెలలు కొందరు వలలు బాగుచేస్తారు, కొందరు కూలికి పోతారు. మొన్నటి నిషేధంలో మా వీధి కుర్రాళ్లు నలుగురు డెలివరీ బండి ఎక్కారు, వేట మొదలవగానే ముగ్గురు దిగిపోయారు. ఖర్చులు పోగా ఏమీ మిగలలేదన్నారు.

గాజువాక_బండి
వాళ్లు రెండు నెలలే చేశారు, నేను రెండేళ్లు చేశాను. మాస్టారు మీదే నాకు ఒక ప్రశ్న ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షను ప్రకారం ఉపాధ్యాయుడు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. చట్టం కాదన్న పనికి గంటకు 178 అని గర్వంగా రాసి, నా మైలేజీని తప్పుపట్టడం న్యాయమేనా?

లెక్కల_మాస్టారు
ఆ సెక్షను నాకు తెలుసు. నన్ను అందులోకి నెట్టిన బతుకు మీకు తెలియదు. నేను పనిచేసే ప్రైవేటు బడి పన్నెండు నెలలకు పది జీతాలే ఇస్తుంది. వేసవి రెండు నెలలూ అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిప్పి, జూన్‌లో జీతం మొదలుపెడుతుంది. నా కొడుకు ఇంటర్ ఫీజు కట్టింది ఆ ఎనిమిది మంది పిల్లల 800లే. నేను బడిలో చెప్పే పిల్లలను ఒక్కరిని కూడా ట్యూషనుకు తీసుకోలేదు. తప్పు తప్పే అంటారా, సరే, ఒప్పుకుంటాను. ప్రశ్న అడిగిన గుమాస్తా గారు మాత్రం ఉపాధ్యాయుడు కారు, ఆయనకు ఆ అడ్డు లేదు.

పెందుర్తి_కోడలు
రెండు రోజులుగా చదువుతున్నాను. లీటరుకు 45 అయినా 52 అయినా తేడా నెలకు ఆరేడు వందలు దాటదు. దానికోసం ఇద్దరు పెద్దమనుషులు ఇంత రాశారు. ఉప్పు_కారం గారి లెక్కను మాత్రం ఒక్కరూ అడగలేదు. అమ్మా, 30 కిలోల పచ్చడికి ముక్కలు తుడిచి, జీడి తీసి, వెల్లుల్లి వలిచి, కారం జల్లించి, మూడో నాడు జాడీలు తిరగగలిపి, సీసాలు కడిగి ఎండబెట్టడమంతా 40 గంటల్లో ఒక్క మనిషి చేయగలరా? మీ ఇంట్లో ఇంకెవరు చేస్తున్నారు?

ఉప్పు_కారం_ఆవ
మా అత్తగారు సాయం చేస్తారు. అందులో దాచేది ఏముంది? ఆవిడకు ఆ పని ఇష్టం. ఏమీ తోచక కూర్చోవడం కన్నా అదే నయమని ఆవిడే అంటారు.

పెందుర్తి_కోడలు
ఎన్ని గంటలు?

ఉప్పు_కారం_ఆవ
గంటలు లెక్కపెట్టడానికి ఆవిడ కూలిమనిషి కాదు, మా ఇంటి పెద్ద. మీ ఇంట్లో ఏం బాధలున్నాయో నాకు తెలియదు, వాటిని నా మీదకు తేకండి.

పెందుర్తి_కోడలు
తెస్తాను, ఎందుకంటే ఇక్కడ అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. మా ఇంట్లో ఇడ్లీ, దోసె పిండి ప్యాకెట్ల వ్యాపారం నా భర్త పేరు మీద నడుస్తోంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి గ్రైండరు వేసేది నేను, పప్పు కడిగేది నేను, ప్యాకెట్లు కట్టి, గ్రైండరు కడిగి, ఆపైన పిల్లల్ని బడికి పంపి, మళ్లీ మర్నాటికి నానబోసేది నేను. ఆయన ఆఫీసుకు వెళ్తూ దారిలో ఆరు కొట్లకు ప్యాకెట్లు వేసి వెళ్తారు. బంధువులు అడిగితే "రోజుకు గంట పని, నెలకు 9,000 సైడు ఇన్‌కమ్" అని చెబుతారు. అబద్ధమాడాలని కాదు, ఆయన గంట నిజంగా గంటే. నా ఐదు గంటలు ఆయనకు లెక్కలోకి రావు, అంతే. పోయిన నెల నాకు జ్వరం వస్తే నాలుగు రోజులు వ్యాపారం ఆగింది. అప్పుడు కూడా "గ్రైండరు పాడైంది" అని కొట్లవాళ్లకు చెప్పారు.

గాజువాక_బండి
చూశారా, నా బండి సంపాదనలో నా ఒళ్లు తప్ప ఇంకెవరి ఒళ్లూ అరగదు.

ఉప్పు_కారం_ఆవ
ఇలాంటి మాటలు పడటానికి నేను లెక్క రాయలేదు. అయినా నిన్న మధ్యాహ్నం కూర్చుని మా అత్తగారితో కలిసి నెల మొత్తం లెక్కపెట్టాను. ఆవిడవి 60 గంటలు వచ్చాయి. 6,600ను వంద గంటలకు పంచితే గంటకు 66, మాస్టారు బండికి కట్టిన 74 కన్నా తక్కువే. అంకె తప్పు రాశానని ఒప్పుకుంటున్నాను.

కానీ ఒక మాట ఒప్పుకోను. ఇంటి మనిషి చేతిపనికి గంటకు ఇంతని కూలి కడితే అది ఇల్లు కాదు, కార్ఖానా అవుతుంది. ఆవిడ మందులు, కంటి ఆపరేషను, కాశీ ప్రయాణం అన్నీ ఆ డబ్బులోంచే జరిగాయి.

పెందుర్తి_కోడలు
పచ్చడి ఇంట్లో తినడానికి పెట్టినంత కాలం అది ఇల్లే. సీసాకు ధర వేసి అమ్మిన రోజే అది కార్ఖానా అయింది, మనం పేరు మార్చలేదు, అంతే. ఆవిడకు మందులు కొన్నారంటే సంతోషం, కానీ పచ్చళ్లు పెట్టకపోయినా కొనేవారు కదా? అటువంటప్పుడు అది ఆవిడ శ్రమకు ప్రతిఫలం ఎలా అవుతుంది? నెలకు 60 గంటలు చేసిన మనిషి చేతికి, ఎవరినీ అడగకుండా ఖర్చు పెట్టుకునే డబ్బు ఎంత ముట్టిందని మాత్రమే అడుగుతున్నాను.

ఉప్పు_కారం_ఆవ
ఇప్పటివరకు చేతికి ఇవ్వలేదు. అడగలేదు కాబట్టి ఇవ్వలేదు. దీని మీద ఇంకేమీ రాయను.

మధురవాడ_వాసి
గాజువాక సోదరా, మీ ఒళ్లు ఒక్కటే అరుగుతుందన్నారు, సరే. మీ బండి బీమా ఏ రకమో చూసుకున్నారా? సొంత వాడకానికి తీసుకున్న పాలసీలో బాడుగకు గానీ, సరుకు చేరవేతకు గానీ వాడకూడదని షరతు ఉంటుంది.

గాజువాక_బండి
చూసుకున్నాను, చేయి కాలాక చూసుకున్నాను. పోయిన వానాకాలంలో కూర్మన్నపాలెం దగ్గర రాత్రి పది దాటాక లారీని తప్పించబోయి ఇసుకలో జారిపడ్డాను. బండికి 11,000 ఖర్చయితే, డెలివరీ పెట్టె బండి మీద ఉందన్న కారణంతో బీమా కంపెనీ పైసా ఇవ్వలేదు. మడమ ఎముక చిట్లి ఆరు వారాలు వెల్డింగు పని కూడా పోయింది. అడిగింది నెల లెక్క కాబట్టి ఇది రాయలేదు. మా ఆవిడ నేను ఇల్లు చేరే వరకు, పన్నెండింటి దాకా, అన్నం తినకుండా కూర్చుంటుంది. కోడలమ్మ రాసినది చదివాక అది కూడా నా 108 గంటల పక్కనే కనబడుతోంది. మైలేజీ విషయంలో మాత్రం 52 అన్న మాట మీదే ఉన్నాను.

పోర్టు_గుమాస్తా
అందరికీ నమస్కారం. నేను మొదట రాసిన దాంట్లో "ఇంట్లో సాయానికి మనిషి ఉంది" అన్నది మా అమ్మ గురించి. నిజానికి పచ్చళ్ల ఆలోచన మనసులో ఖాయం చేసుకునే ఇక్కడ అడిగాను, మీరంతా అదే మేలంటారని ఆశించాను. నిన్న రాత్రి అమ్మను మొదటిసారి అడిగాను. చేస్తానంది. ఎన్ని గంటలు కూర్చోగలవని అడిగితే, కింద కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాల్సి వస్తోందని, ఆ మాట చెబితే నేను బాధపడతానని చెప్పలేదని అంది.

మా కింద వాటాలో పదో తరగతి పిల్లలు ఇద్దరు, వెనక వీధిలో తొమ్మిదో తరగతి వాళ్లు ముగ్గురు ఉన్నారు. సోమవారం నుంచి వాళ్లకు లెక్కలు మొదలుపెడుతున్నాను. మాస్టారూ, గోపాలపట్నంలో పదో తరగతికి ఎంత అడగవచ్చు?

లెక్కల_మాస్టారు
లెక్కలొక్కటే అయితే 1,000 అడగండి, 800కు ఒప్పుకోండి. ఐదుగురితో 7,000 రాదు, 800 చొప్పునైతే తొమ్మిది మంది అయ్యే వరకు ఓపిక పట్టాలి. మొదటి నెల ఫీజు ముందే తీసుకోండి, పరీక్షలు అయ్యాక ఇస్తామనేవారిని నమ్మకండి. పాత ప్రశ్నపత్రాలు నా దగ్గర ఉన్నాయి, ఆదివారం వస్తే ఇస్తాను.