ప్రార్థనకు వచ్చేవాళ్లను ఇంట్లోకి రానివ్వకపోతే అవిశ్వాసమా?

నీటిఊట:
అందరికీ వందనాలు. మా ఆయనకు కిడ్నీ మార్పిడి జరిగి రెండు నెలలు కూడా కాలేదు. సంఘంవాళ్లు పదిమంది ఇంటికొచ్చి చేతులుంచి ప్రార్థిస్తామంటున్నారు. కొన్నాళ్లు జనాన్ని దూరంగా ఉంచమన్నారు డాక్టర్లు. అందుకే ఫోన్‌లో చేయమన్నాను. "దేవుడు బాగుచేసిన మనిషిని దేవుని బిడ్డలకే చూపించవా?" అని ఒక పెద్దాయన నొచ్చుకున్నారు. మా ఆయనేమో రానివ్వమంటున్నారు. నాది తప్పా?

సిలువనీడ:
సిస్టర్, మీ భయం అర్థమైంది. కానీ యాకోబు పత్రిక 5:14లో రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలని, వాళ్లు నూనె రాచి ప్రార్థించాలని ఉంది. ఫోన్‌లో నూనె రాయలేం కదా. ఆపరేషన్ గట్టెక్కించిన దేవుడు, నలుగురు గదిలోకి వస్తే కాపాడలేడా?

మందులడబ్బా:
కాపాడగలడు బ్రదర్. దేవాలయ శిఖరం మీంచి దూకినా కాపాడగలడు. కానీ దూకమన్నది సాతాను, ప్రభువు దూకలేదు (మత్తయి 4).

మా ఆవిడకు లివర్ మార్చారు కాబట్టి చెబుతున్నా. టాక్రోలిమస్, మైకోఫినోలేట్ లాంటి మందులు ఇచ్చేదే ఒంట్లోని రోగనిరోధక శక్తిని అణచడానికి. లేకపోతే కొత్త అవయవం మీద శరీరమే దాడి చేస్తుంది. మొదటి నెలల్లో ఈ అణచివేత ఎక్కువ. వచ్చినాయనకు మామూలు జలుబే, మంచం మీదున్నాయన మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి రావచ్చు.

మందుల లెవెల్ చూసే రోజు పొద్దున రక్తం ఇచ్చేదాకా టాక్రోలిమస్ వేసుకోకూడదు. ఆ రోజు ఆవిడ మాత్రను బ్యాగులో పెట్టుకుని వెళ్తుంది. రక్తం తీశాక అక్కడే కుర్చీలో కూర్చుని, మాత్రను అరచేతిలో పట్టుకుని కళ్లు మూసుకుంటుంది, తర్వాతే మింగుతుంది. దాన్ని అవిశ్వాసమంటారా? హిజ్కియా రాజుకు స్వస్థత ఇస్తానని దేవుడు మాటిచ్చాక కూడా యెషయా కురుపు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు (2 రాజులు 20). జబ్బుపడ్డ తన దాసుడి కోసం యేసును వేడుకున్న శతాధిపతి (రోమా సైనికాధికారి) అయితే, మీరు మా ఇంటికి రానక్కర్లేదు, మాట సెలవిస్తే చాలన్నాడు. ప్రభువు మెచ్చుకున్నది ఆ విశ్వాసాన్నే.

తర్కం:
నాకు దేవుడి మీద నమ్మకం లేదు, అయినా ఒక మాట. 2006లో 1,802 మంది బైపాస్ రోగుల మీద చేసిన అధ్యయనం వచ్చింది. తమకోసం ప్రార్థిస్తున్నారని తెలిసినవాళ్లలో 59 శాతం మందికి ఇబ్బందులొచ్చాయి. ప్రార్థన జరుగుతోందో లేదో తెలియనివాళ్లలో అది 52 శాతం లోపే. పదిమంది చుట్టూ నిలబడితే త్వరగా లేవాలన్న టెన్షన్ రోగికే అని నా అనుమానం.

నీటిఊట:
తర్కం గారూ, శాతాలు పెంచుకోవడానికి చేసే ప్రార్థన కాదండీ నాది. క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు తెరిచే ముందు 13వ కీర్తన చదువుకుంటాను. ఎంతకాలం నన్ను మరిచిపోతావని దావీదే దేవుణ్ణి నిలదీశాడు, నేను భయపడితే తప్పేంటి?

సిలువనీడ:
భయం తప్పని నేనెక్కడన్నాను సిస్టర్? సరే, నలుగురు వద్దు. జలుబూ దగ్గూ లేని పెద్ద ఒక్కరు మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని వస్తే?

నీటిఊట:
ముందు డాక్టర్ని అడుగుతాను. సరేనంటే ఆ ఒక్కరూ రావచ్చు, నూనె నుదుటికి మాత్రమే, కుట్ల దగ్గరికి రాకుండా. మిగతావాళ్లకు మాత్రం గుమ్మం దగ్గర నేనే వద్దని చెబుతాను. మా ఆయన్ని ఒప్పించడం ఎలాగో ఎవరైనా చెప్పండి, ఆయనకు మొహమాటం ఎక్కువ.