వెనిస్ సాన్ రోకో సంఘం: దానమా, ఆడంబరమా?

పాతపుటలు:
వెనిస్‌లో 'స్కూలా' అంటే బడి ఒక్కటే కాదు, కతోలిక గృహస్థుల భక్త సంఘం కూడా. ప్లేగు నుంచి కాపాడే పునీత రోక్ పేరిట 1478లో మొదలైంది సాన్ రోకో స్కూలా. 1517లో భవనం మొదలుపెట్టి దశాబ్దాల పాటు కడుతూనే ఉన్నారు. పేదలకు పెట్టాల్సింది రాళ్ళకు పోస్తున్నారని 1541లోనే కరావియా అనే నగల వ్యాపారి పద్యాల్లో ఎగతాళి చేశాడు. నేనూ డాబే అంటాను.

గోదారిగట్టు:
అంత తొందరెందుకండీ? పేద సభ్యులకు సాయం, ఆడపిల్లలకు కట్నం, ఎవరైనా చనిపోతే సభ్యులంతా వెంట నడిచే అంత్యక్రియలు. ప్లేగు రోజుల్లో మోసేందుకు నలుగురు దొరకడం చిన్న విషయమా? ఆ డబ్బంతా ఎక్కడిది? చాలావరకు వీలునామాల్లో రాసిచ్చిన ఆస్తులదే. పాకలో నడిచే సంఘానికి ఎవరు రాసిస్తారు?

ఇక ఆ భవనానికి వెనిస్ చిత్రకారుడు తింతొరెత్తో వేసిన బొమ్మలైతే చవక బేరం. 1564లో పోటీకి మిగతా చిత్రకారులు నమూనాలు తెస్తే, ఈయన ఏకంగా పూర్తి చేసిన బొమ్మను పైకప్పుకు బిగించేసి, పునీతుడికి కానుక అన్నాడు. కానుకను కాదనలేరు కదా! (మిగతావాళ్ళ మొహాలు చూడాల్సింది.) 1577లో, బతికున్నంతకాలం ఏడాదికి 100 డ్యూకాట్లు (అప్పటి వెనిస్ డబ్బు) ఇస్తే ఏటా మూడు బొమ్మలు ఇస్తానని ఒప్పందం.

పాతపుటలు:
సరే, బొమ్మల వరకు డాబన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. రాళ్ళ మాట తీసుకోను.

మూడోబెంచి:
ఇద్దరూ డబ్బు దగ్గరే ఆగిపోయారు. సాయం ఊరికే వచ్చేదా? ఊరేగింపులో పాపపరిహారంగా కొరడాతో ఒళ్ళు కొట్టుకునే పని రానురాను పేద సభ్యుల మీదే పడింది. సాయం కావాలంటే రావాల్సిందే, డబ్బున్నవాళ్ళకు మినహాయింపు. పదహారో శతాబ్దంలో యుద్ధనౌకల తెడ్లు లాగడానికి మనుషుల్ని పంపమని ప్రభుత్వం సాన్ రోకో లాంటి పెద్ద సంఘాలకు కోటా వేసింది. వెళ్ళిందెవరో చెప్పాలా? దీన్ని దానం అనను, కూలి అంటాను.

గోదారిగట్టు:
తెడ్డు పట్టినవాళ్ళకు సంఘం డబ్బు ఇచ్చింది కదండీ. పైగా ప్రభువర్గాన్ని పదవులకు దూరం పెట్టిన సంఘాలివి.

మూడోబెంచి:
దూరం పెట్టింది నిజమే. ఆ కుర్చీల్లో కూర్చున్నది సంపన్న వర్తకులు, లాయర్లు. తెడ్డు లాగినవాడు ఒక్కడైనా సంఘ పెద్ద అయ్యాడా? చూపించండి, నా మాట మార్చుకుంటా.