జింగ్‌డెజెన్‌లో వేసవి సెరామిక్స్ రెసిడెన్సీ: పని వివరాలు తెలిసినవాళ్ళు రాయండి

సారెచక్రం
నమస్కారం అందరికీ. జూలైలో నెల రోజుల రెసిడెన్సీకి (అక్కడే ఉండి పనిచేసుకునే ఏర్పాటు) చైనాలోని పింగాణీ ఊరు జింగ్‌డెజెన్ వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం ఈ చర్చ. మన దగ్గర చాలామందికి స్టోన్‌వేరే (పింగాణీ కంటే తక్కువ వేడిలో కాలే గట్టి మట్టి సామాను) అలవాటు. ఎలక్ట్రిక్ కిల్న్‌లో (కొలిమిలో) ముందు బిస్క్ (గ్లేజ్ లేకుండా తక్కువ వేడిలో మొదటి కాల్పు), తర్వాత గ్లేజ్ (గాజులాంటి పూత) పూసి 1220 డిగ్రీలు. పోర్సలిన్ (పింగాణీ) చేసేవాళ్ళు తక్కువ. ఎక్కడ ఉండాలి, ఏ మట్టి కొనాలి, నెలలో ఎంత పని తేలుతుంది, ఏది ఎందుకు పాడవుతుంది? ఊరి అందచందాలు ఎక్కడైనా దొరుకుతాయి, పని సంగతులే దొరకడం లేదు.

నీలికలం
ముందు ఎక్కడ ఉండాలో తేల్చుకోండి, మిగతావన్నీ దాన్నిబట్టే.

శిన్‌చాంగ్ తూర్పు రోడ్డులోని పాత శిల్పాల ఫ్యాక్టరీ ఆవరణలో పాటరీ వర్క్‌షాప్ 2005 నుంచి రెసిడెన్సీ నడుపుతోంది. మట్టి కొట్లు, గ్లేజ్ కొట్లు, కుంచెలు, ఇనప పనిముట్లు, అచ్చులు పోసేవాళ్ళు, డబ్బులకు కాల్చిపెట్టే కిల్న్‌లు అన్నీ అక్కడ నడక దూరంలోనే. శనివారం పొద్దున కుర్ర కళాకారుల సంత కూడా అక్కడే.

తావోశిచువాన్ అంటే పాత యూజౌ పింగాణీ ఫ్యాక్టరీని బాగుచేసి కట్టిన ప్రాంగణం. స్టూడియోలు పెద్దవి, సామాను కొత్తది. సాయంత్రం అయ్యేసరికి జనం తిరనాళ్ళలా ఉంటారు.

సాన్‌బావో ఊరి బయట లోయలో ఉంది. అక్కడి సంస్థను పెట్టింది లీ జియాన్‌షెంగ్, బయట జాక్సన్ లీ అంటే తెలుస్తుంది. ప్రశాంతంగా కూర్చుని ఆలోచించుకోవడానికి మంచి చోటు. కానీ బస్తా మట్టి కావాలన్నా, ఒక గిన్నె కాల్చాలన్నా ఊళ్ళోకి రావాలి.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు శిల్పాల ఫ్యాక్టరీ దగ్గర ఉండటమే మంచిదని నా గట్టి అభిప్రాయం. కాల్చని పచ్చి పింగాణీని ఆటోలో వేసుకుని ఊరంతా తిరిగితే సగం అంచులు దారిలోనే పోతాయి.

డబ్బు కట్టేముందు మెయిల్‌లో ఇవి అడగండి: ఫీజులో గది, బల్ల, భోజనం, దుబాసీ ఉన్నాయా? మట్టి, కాల్పు విడిగానా? కిల్న్ వాళ్ళదేనా, బయటికి పంపుతారా? స్టూడియోలో ఏసీ ఉందా? ఆ చివరిది సుఖం కోసం కాదు, కింద ఎవరో ఒకరు ఆరబెట్టడం గురించి రాస్తారు, చూడండి.

ఆవం_బాబాయ్
ఆరబెట్టడం గురించి నేనే రాస్తాను.

జూన్ మధ్య నుంచి జూలై మొదటి వారం దాకా అక్కడ ముసురు. గోడలు చెమ్మగిల్లుతాయి. చాంగ్ నదికి వరద వచ్చే కాలమూ ఇదే. ముసురు తగ్గాక 35 దాటిన ఎండ, ఉక్కపోత. ముసురులో సామాను ఆరదు, ఎండలో ఒకవైపే ఆరుతుంది. ఫ్యాన్ గాలి నేరుగా తగిలిన వైపు ముందు కుదించుకుంటుంది, అంచు వంకర పోతుంది. ఆ వంకర పచ్చిలో కంటికి ఆనదు, కిల్న్‌లో 1300 డిగ్రీల దగ్గర బయటపడుతుంది. అందుకే ఫ్యాన్ గోడవైపు తిప్పండి, సామాను మీద పల్చటి ప్లాస్టిక్ కప్పండి, పూటకోసారి పలక తిప్పండి. ఏసీ ఉంటే తేమ తగ్గి అన్ని వైపులా సమంగా ఆరుతుంది.

ఆరిందో లేదో తెలియాలంటే అడుగును చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే లోపల ఇంకా నీళ్ళున్నట్టే. అలాంటిది కిల్న్‌లో పెడితే నూరు డిగ్రీల దగ్గర ఆవిరికి పగిలి పక్కవాళ్ళ సామాను మీద కూడా ముక్కలు పడతాయి. కిల్న్ వాళ్ళు చేతిలోకి తీసుకోగానే పసిగట్టి వెనక్కి ఇస్తారు.

ప్లాస్టర్ అచ్చులదీ ఇదే కథ. ముసురులో కొత్త అచ్చు పోయిస్తే అది ఆరి స్లిప్‌లోని (నీళ్ళలో పల్చగా కలిపిన మట్టిలోని) నీళ్ళు పీల్చుకునే స్థితికి రావడానికి వారం పైన పట్టొచ్చు. అచ్చులో స్లిప్ పోసి చేసే స్లిప్ కాస్టింగ్ ఉద్దేశం ఉంటే దిగిన రెండో రోజే అచ్చుల మేస్త్రీ దగ్గరికి వెళ్ళండి.

మట్టిబెడ్డ
బాబాయ్‌గారూ, మట్టి ఏది కొనాలో కూడా చెప్పండి.

ఆవం_బాబాయ్
కొట్లో అడగ్గానే రకరకాల తెలుపులు చూపిస్తారు. మొదటిసారికి గావోబాయ్ చాలు. సారె మీద కాస్త మాట వింటుంది. చావోబాయ్ ఇంకా తెలుపు, వెలుతురు బాగా దూరుతుంది, కానీ జిగురు తక్కువ, వేడికి వంగే గుణం ఎక్కువ. గావోబాయ్‌తో చెయ్యి తిరిగాక దాని జోలికి వెళ్ళండి.

కుదింపు స్టోన్‌వేర్ లెక్కల్లో చూడకండి. కాలాక కొలత సుమారు ఆరో వంతు తగ్గుతుంది, కొన్ని మట్టిల్లో ఇంకా ఎక్కువ. కొన్న రోజే ఒక పట్టీ చేసి 10 సెం.మీ. గీత గీసి ముందుగా దొరికిన కిల్న్‌లో వేయించండి. కాలాక 8.4 వస్తే కుదింపు 16 శాతం. అప్పుడు 20 సెం.మీ. పళ్ళెం కావాలంటే 20ని 0.84తో భాగించండి, పచ్చిది 23.8 ఉండాలి. మేస్త్రీకి బొమ్మ గీసి ఇచ్చినప్పుడు ఆ కొలత పచ్చిదా కాలినదా అన్నది బొమ్మ మీదే చైనీస్‌లో రాయించండి. ఇది రాయకే ఎక్కువ గొడవలు.

నీలికలం
మేస్త్రీల మాట వచ్చింది కాబట్టి. ఆ ఊళ్ళో ఒకే మనిషి అన్నీ చెయ్యడు. సారె మీద లాగేవాళ్ళు వేరు, ట్రిమ్మింగ్ (చెక్కి పల్చన చెయ్యడం) చేసేవాళ్ళు వేరు, నీలం గీతలు గీసేవాళ్ళు వేరు, అందులో నీళ్ళరంగు నింపేవాళ్ళు వేరు, గ్లేజ్ వేరు, కిల్న్ నింపడం వేరు. ఒక గిన్నె తయారు కావడానికి 72 చేతులు మారుతుందని 1637లోనే సాంగ్ యింగ్‌శింగ్ అనే చైనా రచయిత రాశాడు. ఆ విభజన ఈనాటికీ బతికే ఉంది, రెసిడెన్సీకి వెళ్ళడంలో అసలు లాభం అదే. అడుగున్నర పైన ఉండే కూజా మీరే లాగాలని పట్టుబట్టి నెల ఖర్చుపెట్టకండి. లాగే మేస్త్రీకి ఇవ్వండి, పక్కన కూర్చుని చూడండి.

వాళ్ళ పద్ధతి మనకు కొత్త. గోడ దళసరిగా లాగి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు పదునైన ఇనప కత్తులతో చెక్కి కొన్ని మిల్లీమీటర్లకు తెస్తారు. పెద్దవి రెండు మూడు ముక్కలుగా లాగి, ఆరాక స్లిప్‌తో అతికి, ఆ తర్వాత చెక్కుతారు. మనలాగా సగం తడి మీద ట్రిమ్ చేస్తే ఈ మట్టి చిరుగుతుంది.

పొడి మీద చెక్కడమంటే సిలికా దుమ్ము. ఎన్95 మాస్కు లేకుండా ఆ గదిలోకి కూడా వెళ్ళకండి. చీపురుతో ఊడ్చవద్దు, తడిగుడ్డతో తుడవాలి. ఊపిరితిత్తుల్లో చేరిన సిలికా తిరిగి రాదు. ఎండగా ఉందని మాస్కు తీసేసేవాళ్ళు చాలామంది, దయచేసి ఆ పని చెయ్యకండి.

ఇంకోటి, కత్తులు ఆకురాయితో పదును పెట్టేది బయట, మట్టి బల్లకు దూరంగా. రాలిన ఇనప రజను మట్టిలో కలిస్తే తెల్లటి పింగాణీ మీద నల్ల చుక్కలు తేలతాయి.

గోదారిగట్టు
గ్లేజ్ గురించి నేను. స్టోన్‌వేర్ నుంచి వెళ్ళినవాళ్ళు ఎక్కువ సామాను పోగొట్టుకునేది ఇక్కడే.

అక్కడ సంప్రదాయం ప్రకారం బిస్క్ లేదు. పచ్చి గిన్నె మీదే బొమ్మ, దానిమీదే గ్లేజ్, ఒకటే కాల్పు. పచ్చి గోడ గ్లేజ్‌లోని నీళ్ళను పీల్చుకుని మెత్తబడుతుంది. లోపలా బయటా ఒకేసారి పూస్తే చేతిలోనే కూలిపోతుంది. కాబట్టి వరస ఇది.

చెక్కడం అయ్యాక తడి కుంచెతో గిన్నె అంతా ఒకసారి తేలిగ్గా తుడుస్తారు, బూషుయ్ అంటారు. దుమ్ము పోతుంది, కత్తి గీతలు పూడతాయి. కుంచెలో నీళ్ళు కారేటట్టు ఉంటే పగుళ్ళు. ఆరాక లోపల గ్లేజ్ పోసి గుండ్రంగా తిప్పి వెంటనే వంపెయ్యాలి. ఆ తర్వాత పూర్తిగా ఆరనివ్వాలి, ముసురులో అయితే మర్నాటి దాకా ఆగడమే క్షేమం. అప్పుడు బయటవైపు, ముంచడం గానీ స్ప్రే గానీ. పాదాన్ని (అడుగున ఉండే వలయం) ముందే తొలవరు, గట్టి దిమ్మలా ఉంచుతారు, ముంచేటప్పుడు పట్టుకోవడానికి. బయటి గ్లేజ్ ఆరాక చివర్లో పాదం తొలుస్తారు. ఈ ఒక్క పద్ధతి నేర్చుకుంటే వేలిముద్రల బాధ ఉండదు.

మందం సూదితో గీకి చూడండి. నీలం మీద పారదర్శక గ్లేజ్ మిల్లీమీటరు లోపే ఉండాలి, దళసరైతే గీతలు అలుక్కుపోతాయి, మరీ పల్చనైతే నీలం నల్లగా పొడిబారుతుంది. యింగ్‌చింగ్ గ్లేజ్‌కు మిల్లీమీటరు పైన ఉంటేనే చెక్కిన గాడుల్లో నిండి ఆ లేత నీలి ఆకుపచ్చ వస్తుంది.

చేతి జిడ్డు, చెమట చుక్క పడిన చోట గ్లేజ్ ముడుచుకుని మట్టి బయటపడుతుంది. వేసవిలో నుదుటికి గుడ్డ కట్టుకునే పని మొదలుపెట్టండి.

మట్టిబెడ్డ
బిస్క్ చేయించుకోవడం కుదరదా అండీ?

గోదారిగట్టు
కుదురుతుంది. 800 దగ్గర బిస్క్ చేసిచ్చే ఎలక్ట్రిక్ కిల్న్‌లు ఉన్నాయి. సన్నటి అతుకులున్న శిల్పాలకు అదే మేలు. అయితే పచ్చిదాని కోసం కలిపిన గ్లేజ్ బిస్క్ మీద వేరేగా పడుతుంది, ముందు ఒక పలక మీద పరీక్షించండి. నీలం బొమ్మలు వేసేవాళ్ళు మాత్రం పచ్చి మీదే నేర్చుకోవాలి. ఫెన్‌షుయ్ అనే పని, అంటే మొనదేలిన పెద్ద కుంచె నిండా కోబాల్ట్ నీలం నీళ్ళు పట్టి గీతల మధ్య ఆ బొట్టును నడిపించడం, పచ్చి మట్టి పీల్చే వేగం మీదే ఆధారపడి ఉంది. కుంచె మట్టికి తగలకూడదు, బొట్టే తగలాలి. ఆగితే అక్కడ మరక.

ఆవం_బాబాయ్
గోదారిగట్టు గారితో ఒక్కచోట తేడా. నెల రోజులే ఉండేవాళ్ళు మొదటి పది ముక్కలు బిస్క్ చేసుకోవడమే నయం. పచ్చి గ్లేజ్ చెయ్యి కుదిరేలోపు గడువు అయిపోతుంది. సరే, అది ఎవరిష్టం వాళ్ళది.

కిల్న్ సంగతి. డబ్బులకు కాల్చేవి గ్యాస్ కిల్న్‌లు, రిడక్షన్, 1300 పైన. ముక్క ఆక్రమించే చోటును బట్టి లెక్క. వెయ్యి డిగ్రీల చుట్టుపక్కల గాలి తగ్గించి రిడక్షన్ మొదలుపెడతారు. గ్లేజ్‌లో ఉన్న కాస్త ఇనుమూ నీలి ఛాయకు మారేది అప్పుడే. గ్లేజ్ పసుపుగా వస్తే రిడక్షన్ చాలనట్టు, బూడిదరంగు పొగ పట్టినట్టుంటే మరీ ముందుగా మొదలైనట్టు. ఇవి కిల్న్ వాళ్ళ చేతిలోవి. మీ చేతిలోవి వేరే ఉన్నాయి. పాదం చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల మేర గ్లేజ్ శుభ్రంగా తుడవాలి, లేకపోతే కిల్న్ పలకకు అంటుకుని పెచ్చు లేస్తుంది. వెడల్పు పళ్ళేలకు, కారే గ్లేజ్‌లకు అదే మట్టితో చేసిన పచ్చి బిళ్ళ అడుగున పెట్టాలి. రెండూ కలిసి కుదించుకుంటాయి కాబట్టి పాదం పలకకు పట్టి లాగదు. టీపాట్ ముక్కు సారె మీద లాగినదైతే కాల్పులో మెలిక కాస్త విప్పుకుని కొస పక్కకు తిరుగుతుంది, ఆ మేరకు కొసను ఏటవాలుగా కోసి పెట్టండి. అడుగున ఎస్ ఆకారపు పగులు వస్తే లాగేటప్పుడు అడుగు నొక్కలేదని అర్థం.

ప్రతి ముక్కకూ అడుగున ఆక్సైడ్ రంగుతో గుర్తు, అప్పజెప్పే ముందు ఫొటో. క్యాలెండర్ వెనక నుంచి లెక్కేసుకోండి: బయల్దేరడానికి పది రోజుల ముందు గ్లేజ్ పూసిన సామాను కిల్న్ దగ్గర ఉండాలి. ఏదైనా పోతే రెండోది కాల్చడానికి ఆ పది రోజులే.

సారెచక్రం
ఇంత వివరంగా రాసినందుకు చాలా సంతోషం. వీసా, ఫోను, డబ్బు?

హైదరాబాద్_కుంచె
హైదరాబాద్‌లో చైనా కాన్సులేట్ లేదు కాబట్టి పాస్‌పోర్టు వేరే ఊరు పంపాల్సిందే, సమయం చేతిలో ఉంచుకోండి. సాంస్కృతిక మార్పిడి సందర్శనకు ఎఫ్ వీసా, విహారానికి ఎల్ వీసా. మీకేది వర్తిస్తుందో రెసిడెన్సీ వాళ్ళిచ్చే ఆహ్వాన లేఖలో రాసిన పనిని బట్టి ఉంటుంది. హోటల్లో కాకుండా స్టూడియో గదిలో దిగితే 24 గంటల్లో పోలీసు నమోదు జరగాలి, వాళ్ళే చేయిస్తారా అని ముందే అడగండి.

2025 అక్టోబరులో కోల్‌కతా–గ్వాంగ్‌జౌ నేరు విమానం మళ్ళీ మొదలైంది. నాన్‌చాంగ్ చేరితే అక్కణ్ణుంచి 2023 డిసెంబరులో తెరిచిన హైస్పీడ్ లైన్‌లో జింగ్‌డెజెన్ ఉత్తర స్టేషన్ దగ్గరే.

చైనా వాళ్ళ మెసేజింగ్ యాప్ వీచాట్ మన దేశంలో 2020 జూన్ నుంచి నిషేధం. కాబట్టి బయల్దేరేదాకా ఉత్తరప్రత్యుత్తరాలు మెయిల్‌లోనే, అక్కడ దిగాక ఎక్కించుకోండి. కొత్త ఖాతాకు ఒక్కోసారి పాత ఖాతాదారు స్కాన్ చేసి హామీ ఇవ్వాలి, స్టూడియోలో ఎవరినైనా అడగొచ్చు. చెల్లింపుల యాప్ అలీపేకి మన వీసా కార్డు, మాస్టర్ కార్డు కలుస్తాయి, బ్యాంకులో విదేశీ వాడకం తెరిపించుకుని వెళ్ళండి. 200 యువాన్లు దాటిన ఒక్కో చెల్లింపు మీద 3 శాతం రుసుము.

శాకాహారులు మాంసం వద్దంటే సరిపోదు, పంది కొవ్వు కూడా వద్దని రాసి చూపించండి. కారానికి మాత్రం లోటు లేదు.

గోదారిగట్టు
తెల్లవారుజామున జరిగే పాత పింగాణీ పెంకుల సంతలో కొన్నవి వెంట తెచ్చుకోవద్దు. 1911కి ముందువి దేశం దాటించడం నేరం, అది పాతదో నకిలీనో విమానాశ్రయంలో మీరు నిరూపించలేరు. పెంకులు చూడాలంటే రాజ కొలుముల మ్యూజియానికి, హూతియాన్ కొలిమి స్థలానికి వెళ్ళండి. కాలక్రమంలో పేర్చి ఉంటాయి, అంచు మందం, పాదం కోత అక్కడే అర్థమవుతాయి.

సామాను ఓడలో పంపితే చెక్కపెట్టె మీద ఐఎస్‌పీఎం-15 ముద్ర (పురుగు లేకుండా శుద్ధి చేసిన చెక్క అని గుర్తు) ఉండాలి. రంగు పొడులు చేతి సంచిలో కాదు, చెక్‌ఇన్ పెట్టెలో, కొట్టువాడి చీటీతో సహా.

మట్టిబెడ్డ
చివరిగా ఒకటి. అక్కడి మట్టి, గ్లేజ్ కొని తెచ్చుకుంటే మన ఎలక్ట్రిక్ కిల్న్‌లో వస్తాయా?

ఆవం_బాబాయ్
రావు. 1220 దగ్గర ఆ మట్టి గట్టిపడదు, నీళ్ళు పీలుస్తుంది, వెలుతురు దూరదు. యింగ్‌చింగ్‌కు రిడక్షన్ లేకపోతే నీలిఛాయ పోయి పాలిపోయిన పసుపు మిగులుతుంది. దానికి బదులు కాల్చి ఉన్న తెల్ల సామాను కొనండి, బొమ్మలేమీ లేనిది. దాంతోపాటు ఫెన్‌త్సాయ్ రంగులు. గ్లేజ్ మీద వేసి 780 దగ్గర ఆక్సిడేషన్‌లో (గాలి తగ్గించకుండా) కాల్చేవి కాబట్టి మన ఎలక్ట్రిక్ కిల్న్ సరిగ్గా సరిపోతుంది. ఆ రంగుల్లో సీసం ఉండేవి ఎక్కువ, అన్నం తగిలే చోట వెయ్యకండి. పళ్ళెం బయటి అంచుకో, గోడకు తగిలించే పలకకో వాడుకోండి. మొదటి 300 డిగ్రీల దాకా కిల్న్ మూత కాస్త తెరిచి ఉంచాలి, రంగులో కలిపిన నూనె పొగ బయటికి పోవాలి.