కాండీ నాయక్కర్ రాజులు ఎవరి రాజులు?

తుంగభద్ర (చర్చ ప్రారంభం):

శ్రీలంక కొండసీమలోని కాండీ రాజ్యాన్ని 1739 నుంచి 1815 వరకు నలుగురు నాయక్కర్ రాజులు వరుసగా పాలించారు. వారు శ్రీ విజయ రాజసింహుడు, కీర్తిశ్రీ రాజసింహుడు, రాజాధి రాజసింహుడు, శ్రీ విక్రమ రాజసింహుడు. వీరికి ముందు పాలించిన వీర నరేంద్రసింహుడు తమిళ దేశంలోని మధుర నుంచి రాణులను తెచ్చుకున్నాడు. వారి కడుపున వారసుడు పుట్టకపోవడంతో రాణి సోదరుడికి కిరీటం దక్కింది. నాయక్కర్ల వంశం అలా కాండీ సింహాసనం ఎక్కింది.

ఈ నలుగురి గురించి ఇప్పుడు మూడు కథలు నడుస్తున్నాయి. వేలూరులో పాలారు దగ్గర 1990లో కట్టిన ముత్తు మండపంలో శ్రీ విక్రముడి సమాధి ఉంది. తమిళులకు ఆయన కాండీ చివరి తమిళ రాజు. సింహళ జనసామాన్యంలో బాగా నాటుకున్న కథలో ఆయన పరాయి వంశంవాడు, ఎహెలెపొల అదిగార్ (రాజు ప్రధానమంత్రి) భార్యాబిడ్డలను చంపించిన క్రూరుడు. మన తెలుగు బృందాలలో తరచూ కనిపించేది మూడో కథ, 'సింహళాన్ని ఏలిన తెలుగు రాజులు'.

ఈ మూడింటిలో నిజానికి దగ్గరగా ఉన్నది మూడోదేనని నా అభిప్రాయం. మధుర నాయకులది తెలుగు మూలమన్నది వివాదం లేని విషయం. కీర్తిశ్రీ తండ్రి పేరు నరేనప్ప. శ్రీ విక్రముడి పతనాన్ని కీర్తిస్తూ వెలువడిన సింహళ కావ్యం పేరే 'వడిగ హటన', అంటే వడుగులతో (తెలుగువారితో) యుద్ధం. సింహళ, తమిళ రాజకీయాల నడుమ ఈ తెలుగు మూలం పూర్తిగా కనుమరుగైపోయింది. దానిని గుర్తు చేయడంలో తప్పేముందో మిత్రులు చెప్పాలి.

నాగావళి:

తప్పు లేదు గాని, మీరు తేలికగా దాటేసిన రెండో కథలో బలం ఉంది. నరేంద్రసింహుడికి ఉనంబువే అనే కొడుకు ఉన్నాడు. తల్లి సింహళ కులీన స్త్రీ అయినా రాజవంశపు క్షత్రియ స్త్రీ కాదన్న కారణంతో అతనిని పక్కన పెట్టి సముద్రం అవతలి బావమరిదిని గద్దె ఎక్కించారు. దీనిని సింహళ ప్రధానులందరూ (రాజ్యంలోని పెద్ద అధికారులు, కులీనులు) మనసారా ఒప్పుకున్నారని అనుకోలేము. రాజు వెంట వచ్చిన బంధుగణం కాండీ పట్టణంలోనే ఒక వీధిలో స్థిరపడి కొలువులో పలుకుబడి సంపాదించింది. ఇది స్థానిక కుటుంబాలకు కంటగింపు కావడం సహజమే.

సింహళ బౌద్ధ అస్తిత్వ భావన ఆ కాలానికే బలంగా ఉందనీ, ప్రధానులు నాయక్కర్లకు వ్యతిరేకంగా దానిని వాడుకున్నారనీ కె. ఎన్. ఓ. ధర్మదాస 1976లోనే ఒక వ్యాసంలో వాదించారు. 'పరాయి రాజు' అన్న మాట బ్రిటిషువారు నేర్పితే వచ్చింది కాదు. దానికి కాండీలోనే పునాది ఉంది.

పెన్నాతీరం:

నాగావళిగారు ధర్మదాసను ప్రస్తావించారు కనుక అవతలి పక్షాన్ని కూడా చెప్పాలి. ఆర్. ఏ. ఎల్. హెచ్. గుణవర్ధన 1979లో 'సింహ జనం' గురించి రాసిన సుప్రసిద్ధ వ్యాసంలో సింహళ అస్తిత్వం అన్ని కాలాలలోనూ ఒకే అర్థంతో లేదని చూపించారు. మొదట అది రాజవంశానికీ పాలక వర్గానికీ సంబంధించిన గుర్తింపనీ, ఆర్యజాతి భావనతో దానిని ముడిపెట్టడం 19వ శతాబ్దంలో యూరోపియన్ల భాషాశాస్త్ర ప్రభావంతో జరిగిందనీ ఆయన వాదన. దీనిని ఖండిస్తూ ధర్మదాస తరవాత సుదీర్ఘంగా రాశారు. ఆయన దృష్టిలో సింహళ బౌద్ధ చైతన్యం అంతకంటే ఎంతో ప్రాచీనం, పైగా అది ప్రజలలో కూడా ఉంది. సింహళ పండితులిద్దరి మధ్య ఈ వాదం నడిచిన కాలంలోనే దేశం తమిళులపై జరిగిన 1983 జులై మారణకాండను చూసింది. అందుచేత వారి వాక్యాలను గ్రంథాలయంలో కూర్చుని చేసిన తర్కంగా మాత్రమే చదవడం నాకు సాధ్యం కాదు.

అయితే నన్ను ఒప్పించినవి సిద్ధాంతాల కంటే కాండీలో జరిగిన కొన్ని సంఘటనలు.

మొదటిది 1760 నాటి కుట్ర. కీర్తిశ్రీ అప్పటికే బౌద్ధానికి గొప్ప పోషకుడు. లంకలో ఉపసంపద (భిక్షువుల పూర్తి దీక్ష) పరంపర తెగిపోయి, విధివత్తుగా దీక్ష పొందిన భిక్షువులే లేని స్థితిలో సయాం (ఇప్పటి థాయిలాండ్) నుంచి ఉపాలి థేరుడిని రప్పించి 1753లో దానిని పునరుద్ధరించినది ఆయన కాలంలోనే. ఈనాటి సియాం నికాయం అనే భిక్షు శాఖ అలా ఏర్పడింది. అయినా రాజు నుదుట విభూతి పెట్టుకోవడం మానలేదన్నది కొందరు ప్రధానులకూ భిక్షువులకూ మింగుడుపడలేదు. మల్వత్త విహారంలో రాజు కూర్చునే ఆసనం కింద గొయ్యి తవ్వి, అందులో శూలాలు పాతి, ధర్మోపదేశం వినడానికి రమ్మని ఆయనను ఆహ్వానించారని వృత్తాంతం చెబుతుంది. సంగతి ముందే తెలిసిన రాజు వచ్చి ప్రశాంతంగా ఉపదేశం విని వెళ్లాడు. తరవాత కుట్రలో ఉన్న అదిగార్ తల తెగింది. కుట్రలో పేరు వినిపించిన వెలివిట శరణంకర మహాథేరుడిని మాత్రం క్షమించారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఏమిటంటే, కుట్రదారులు గద్దె ఎక్కించాలనుకున్నది ఉనంబువే వంటి సింహళ కులీనుడిని కాదు, సయాం నుంచి వచ్చిన ఒక రాజకుమారుడిని. మధుర కంటే సయాం ఎంత దూరం! వారికి అడ్డు వచ్చింది రాజు జన్మస్థలమూ మాతృభాషా అయితే ఆ ఎంపికకు అర్థమే లేదు. అడ్డు వచ్చింది విభూతి.

రెండోది 1818 తిరుగుబాటు. 1815 మార్చి 2న కాండీ ప్రధానులు బ్రిటిషువారితో ఒప్పందం చేసుకుని రాజును తొలగించారు. 'మలబార్' (దక్షిణ భారతం నుంచి వచ్చినవారికి బ్రిటిషువారు వాడిన పేరు) పురుషులు అనుమతి లేకుండా కాండీ సీమలోకి తిరిగి రాకూడదని ఆ ఒప్పందంలో ఒక షరతు ఉంది. మూడేళ్లు గడవకముందే ఊవా ప్రాంతంలో జనం బ్రిటిషువారిపై తిరగబడ్డారు. ఆ తిరుగుబాటుకు రాజుగా ముందుకు వచ్చిన విల్బావే అనే మాజీ భిక్షువు తాను సింహళ వంశోద్ధారకుడినని చెప్పుకోలేదు. తాను దొరైసామినని, అంటే పదవీచ్యుతుడైన నాయక్కర్ రాజు బంధువునని చెప్పుకున్నాడు. పరాయివారిగా ముద్రపడిన వంశం పేరు చెబితేనే సింహళ రైతు కత్తి పట్టాడన్నది ఆ వంశానికి జనంలో ఉన్న మన్ననను చూపుతుంది.

మూడోది సంస్కృతికి సంబంధించినది. రాజాధి రాజసింహుడు స్వయంగా సింహళ కవి. బుద్ధుడి పూర్వజన్మ కథలలో ఒకటైన 'అసదృశ జాతక'ను ఆయన సింహళ కావ్యంగా రాశాడు. లంక రాజుల చరిత్ర చెప్పే మహావంశానికి కొనసాగింపుగా కీర్తిశ్రీ హయాంలో తిబ్బొటువావే భిక్షువు పాళీలో రాసిన భాగం నాయక్కర్ రాజును ధర్మపాలకుడిగా కీర్తిస్తుంది. దంబుల్ల గుహాలయంలో కీర్తిశ్రీ విగ్రహం ఈనాటికీ ఉంది. మరోవైపు ఆయన మున్నేశ్వరం శివాలయాన్ని కూడా ఉద్ధరించాడు. ఇప్పటి మన లెక్కల ప్రకారం ఇవి రెండు వేరు వేరు పక్షాల పనులు. ఆయనకు మాత్రం రెండూ రాజధర్మమే అయి ఉండాలి.

తుంగభద్ర:

1818 విషయం నాకు కొత్త కాదు గాని ఈ కోణంలో ఆలోచించలేదు. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. వీరిని సింహళ బౌద్ధ రాజులని ఒప్పుకుంటే తెలుగు మూలం చెప్పకూడదా?

నాగావళి:

పెన్నాతీరంగారి ఉదాహరణలు బాగున్నాయి, కాని అవి నా మాటను కొట్టివేయడం లేదు. విభూతి అడ్డు వచ్చిందంటే మతం అడ్డు వచ్చిందనే కదా అర్థం? రాజు బౌద్ధుడై ఉండాలన్న పట్టుదల 1760 నాటికే అంత తీవ్రంగా ఉంటే, సింహళ బౌద్ధ అస్తిత్వం వలస పాలకుల కల్పన ఎలా అవుతుంది? 1815 ఒప్పందంలో బౌద్ధానికి రక్షణ ఇచ్చే 5వ షరతును పెట్టించుకున్నది కాండీ ప్రధానులు. 1972 నాటి శ్రీలంక రాజ్యాంగం బౌద్ధానికి అగ్రస్థానం ఇచ్చినప్పుడు ఆ పాత పట్టుదలే కొత్త రూపంలో పలికింది. వలస పాలన దానికి జాతి రంగు అద్దిందంటే ఒప్పుకుంటాను. వేరు మాత్రం అక్కడే ఉంది. ఆ వేరును చూడకుండా 1956 నాటి సింహళ ఏకభాషా చట్టాన్ని ప్రధానమంత్రి బండారనాయకే ఎన్నికల ఎత్తుగడగా మాత్రమే వివరిస్తే, దాని వెనక అంతమంది భిక్షువులూ ఊరి బడిపంతుళ్లూ ఎందుకు నడిచారో మనకు అర్థం కాదు.

పాలారు:

మాది వేలూరు ప్రాంతం. ఇంట్లో తెలుగు, బడిలో, బజారులో తమిళం. ఈ చర్చలో పాల్గొన్నవారంతా 'తెలుగా, తమిళమా' అని అడుగుతున్నారు గాని, మా వంటి కుటుంబాలకు ఆ ప్రశ్నే పొసగదు. తమిళ దేశంలో శతాబ్దాలుగా ఉన్న నాయకుల వంశాలు తెలుగు మూలాలతో, తమిళ పరిసరాలతో బతికాయి. అందుచేత శ్రీ విక్రముడిని తమిళ రాజు అన్నవారు అబద్ధం ఆడుతున్నారని నేను అనను. తెలుగు రాజు అన్నవారూ అబద్ధం ఆడటం లేదు. తమ వాటా చెప్పి మిగతా వాటాలను దాచినప్పుడే అబద్ధం మొదలవుతుంది.

తుంగభద్రగారూ, మీరు మూలం చెప్పండి, తప్పక చెప్పండి. కాని 'సింహళాన్ని ఏలిన తెలుగు రాజులు' అనే శీర్షిక మూలం చెప్పడంతో ఆగడం లేదు. తెలుగువారు వెళ్లి సింహళులను గెలిచి పాలించారన్న ధ్వని అందులో ఉంది. అటువంటిదేమీ జరగలేదు. పెళ్లి సంబంధం ద్వారా పిలిస్తే వెళ్లారు. 1798లో పద్దెనిమిదేళ్ల కన్నసామిని శ్రీ విక్రమ రాజసింహుడిగా గద్దె ఎక్కించింది సింహళ అదిగార్ పిలిమతలావే. ఆ కుర్రవాడు తన చెప్పుచేతల్లో ఉంటాడని ఆయన ఆశ. రాణి తమ్ముడు ముత్తుసామికి అంతకంటే దగ్గరి హక్కు ఉన్నా అతనిని పక్కన పెట్టారు. ఇందులో తెలుగువారి విజయం ఎక్కడుంది?

పెన్నాతీరం:

పాలారుగారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. నాగావళిగారికి ఒక జవాబు బాకీ ఉంది. మత పట్టుదల పాతదే, కాదనను. కాని కీర్తిశ్రీ వంటి వ్యక్తి ఆ పట్టుదలకు లోబడి, సంఘాన్ని పోషించి, సింహళ రాజు కాగలిగాడు. అందరూ లోపలికి రావడానికి తెరిచి ఉన్న తలుపని దానిని పొగడటం లేదు. కుట్ర జరిగింది, తలలు తెగాయి. అయినా తలుపు అంటూ ఒకటి ఉంది. 1815 ఒప్పందంలోని 'మలబార్' షరతుకు అటువంటి తలుపు లేదు. నువ్వు ఏం నమ్ముతావు, ఎవరిని పోషిస్తావు అన్నది అక్కడ ప్రశ్నే కాదు. పుట్టుక చూసి వెళ్లగొట్టడమే. శ్రీ విక్రముడి క్రూరత్వం గురించిన కథలలో బ్రిటిషు ప్రచారం పాలు ఎంతో గణనాథ ఒబెయెశేఖర తన చివరి దశలో విస్తారంగా రాశారు. ఆ ప్రచారం అవసరమైంది కూడా ఈ షరతుకు సమర్థనగానే.

జెండా సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. 1948 జనవరిలో స్వతంత్ర సింహళానికి కాండీ చివరి రాజు సింహధ్వజాన్నే జాతీయ జెండాగా తీసుకోవాలని పార్లమెంటులో ప్రతిపాదించినది మట్టకళప్పు ముస్లిం సభ్యుడు ఎ. సిన్నలెబ్బె. అంటే నాయక్కర్ రాజు పతాకను ఒక ముస్లిం ప్రతిపాదించాడు. దానిని సింహళ జెండాగా మాత్రమే చూసినవారు ఉండబట్టే తమిళులకూ ముస్లింలకూ విడిగా రెండు చారలు చేర్చవలసి వచ్చింది. సింహం ఉన్న గడి వేరు, నారింజ, ఆకుపచ్చ చారలున్న గడి వేరు. జెండా రూపం తేల్చడానికి వేసిన కమిటీలోని సెనేటర్ ఎస్. నడేశన్ ఈ రూపానికి అంగీకరించక అసమ్మతి తెలిపారు. ఆ సింహం కింద కొలువుతీరిన చివరి రాజు కన్నసామి అన్న సంగతి ఆనాటి చర్చను నడిపి ఉంటే చారలు విడిగా ఎందుకన్న ప్రశ్న మరింత గట్టిగా వచ్చేది.

నాగావళి:

తలుపు ఉపమానం బాగుంది, కాని ఆ తలుపు రాజుకు తెరుచుకున్నట్టు రాజు బంధువులకు తెరుచుకోలేదు. 1815లో కాండీ వదిలి వెళ్లవలసి వచ్చినప్పుడు వారిని ఆపడానికి ప్రధానులు ముందుకు వచ్చినట్టు కనిపించదు. ఒప్పందంపై సంతకాలు చేసినది ఆ ప్రధానులే. మన వ్యాసాలలో 'తెలుగు మూలాలు గల మధుర కుటుంబం, కాండీలో బౌద్ధ రాజులు' అని రాద్దాం, అందుకు నాకు అభ్యంతరం లేదు. దాని పక్కనే 'స్థానిక ప్రధానులలో ఒక వర్గం వారిని చివరి వరకు పరాయివారిగానే చూసింది' అన్న వాక్యం కూడా ఉండాలి. ఆ వాక్యం తీసేస్తే నేను ఒప్పుకోను.