మే ఎండలకు గుడ్లు మురిగిపోతున్నాయి: పుంజును అమ్మాలా, ఆగాలా?

దేవరకొండ_పెరటికోళ్లు
మా దగ్గర అసీల్ పుంజు ఒకటి, ఎనిమిది పెట్టలు. చలికాలంలో పొదగేస్తే ఒకటో రెండో తప్ప అన్నీ పిల్లలయ్యేవి. ఈ రోహిణి కార్తెలో సగానికి పైగా మురిగిపోయాయి. బర్రెలకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర అన్నను అడిగితే, "ఎండదెబ్బ తిన్న వీర్యం పోయి కొత్తది తయారవ్వాలంటే రెండు నెలలు పడుతుంది, అంతదాకా మేపడం దండగ, అమ్మెయ్" అన్నాడు. మా నాయనేమో పుంజు మంచి వయసులో ఉంది, అమ్మేది లేదంటున్నాడు. ఆదివారం అంగడి. ఏం చేయమంటారు?

నకిరేకల్_నాటుకోడి
అమ్మెయ్ తమ్ముడూ. కొత్త పుంజును తెస్తే రెండు మూడు రోజుల్లోనే జీవమున్న గుడ్లు మొదలవుతాయి. దీన్ని నమ్ముకొని కూర్చుంటే సీజన్ పోతుంది.

జడ్చర్ల_బ్రీడర్‌ఫారం
ఆ రెండు నెలల లెక్క ఎద్దుది. పుంజుకు తెచ్చి అతికిస్తే ఎట్లా?

పుంజును కోసినప్పుడు చూసే ఉంటారు. పొట్ట లోపల, వెన్నుకు ఆనుకొని, మూత్రపిండాల పైభాగం దగ్గర లేత పసుపు రంగులో రెండు బీజాలు (వృషణాలు) చిక్కుడు గింజల ఆకారంలో ఉంటాయి. తరచుగా ఎడమది కాస్త పెద్దది. వాటిలోని సన్నని గొట్టాల గోడల్లో మూలకణాలు విడిపోతూ, సగం జన్యువులతో గుండ్రటి కణాలై, తర్వాత సాగి, తోక మొలిచి శుక్రకణాలవుతాయి. ఎద్దులో ఈ పనికి 60 రోజులు పడితే పుంజులో రెండు వారాల్లో అయిపోతుంది.

అక్కడ పుట్టిన కణానికి తోక ఉంటుంది గానీ సరిగ్గా ఈదలేదు. మెలికలు తిరిగిన నాళంలో కిందికి జారుతూ ఆ కదలిక తెచ్చుకుంటుంది. దీనికి ఒకటి నుంచి నాలుగు రోజులు. ఎద్దు శుక్రకణాలు బీజం పక్కనున్న పొడవాటి నాళంలో పదిరోజుల దాకా ఉండి పక్వమవుతాయి. పుంజుకు అంత ఏర్పాటు లేదు, అంత అవసరమూ లేదు. బీజం నుంచి నేరుగా తీసిన కణాలను పెట్ట గుడ్డునాళం పైభాగంలో పెట్టినా గుడ్డు ఫలించిందని ప్రయోగాల్లో తేలింది.

అందుకే ఎండ తగ్గాక రెండున్నర, మూడు వారాలు ఆగితే ఆ పుంజులో ఉండేది కొత్త సరుకే.

కల్వకుర్తి_కుర్రోడు
ఇందులో నాకు అర్థం కానిది ఒకటుంది సార్. పొట్టేలుకు బీజాలు బయట వేలాడేది చల్లదనం కోసమే. పుంజుకు లోపలే ఉన్నాయి, ఒంటి వేడి 41 డిగ్రీలు. ఆ వేడిలోనే తయారయ్యే వీర్యాన్ని ఎండ ఏం చేస్తుంది? తప్పు పుంజుది కాదు, పెట్టలది.

జడ్చర్ల_బ్రీడర్‌ఫారం
మంచి ప్రశ్న. పక్కనున్న, ఊపిరితిత్తులకు కలిసుండే గాలి సంచులు బీజాలను చల్లబరుస్తాయని ఒకప్పుడు అనేవాళ్లు. కొలిచి చూస్తే అక్కడా ఒంటి వేడే ఉంది. అంటే 41కి అలవాటు పడ్డ ఏర్పాటు అది. అట్లాగని 43కి తట్టుకుంటుందని కాదు. మధ్యాహ్నం నోరు తెరిచి ఎగపోస్తూ, రెక్కలు దూరంగా పెట్టి నిలబడ్డ పుంజును చూడు, ఒళ్లు చల్లబరచుకోలేక అవస్థ పడుతుంటుంది. ఆ స్థితిలో వీర్యం తగ్గుతుంది, కదిలే కణాలు తగ్గుతాయి. మేత తినదు, పెట్ట మీదికి ఎక్కదు. ఈ చివరి రెండింటిని మనవాళ్లు లెక్కలోకే తీసుకోరు.

నకిరేకల్_నాటుకోడి
మీరే ఒప్పుకున్నారుగా పుంజు దెబ్బతిన్నదని! మరి మార్చమంటే తప్పేంటి?

జడ్చర్ల_బ్రీడర్‌ఫారం
అన్నా, అంగడిలో దొరికే పుంజు ఊటీ నుంచి దిగొచ్చిందా? అది కూడా ఇదే ఎండలో తిరిగింది.

అచ్చంపేట_అక్క
మీరంతా పుంజు చుట్టే తిరుగుతున్నారు. తమ్ముడూ, పొదగేసే దాకా గుడ్లు ఎక్కడ దాచావు? రేకుల ఇంట్లో బుట్టలో పెట్టి వారం రోజులు పోగేశావా? అయితే పుంజును తిట్టకు. గుడ్డు దాచేచోట వేడి 20 డిగ్రీలు దాటుతుంటే లోపలి పిండం కొద్దికొద్దిగా పెరగడం మొదలుపెడుతుంది. ఎండాకాలం మన ఇళ్లల్లో పెరగడానికి సరిపోనంత, పడుకోవడానికి మించినంత వేడి. అందులో నలిగి చచ్చిపోతుంది. మురిగిన గుడ్డు చూస్తే మాత్రం అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి.

పొదగేసిన ఏడో రోజు లైట్ పట్టి చూడు. ఎర్రటి రక్తపు గీత గుండ్రంగా ఉంటే పిండం పడి చచ్చిందన్నట్టు, అది పుంజు తప్పు కాదు. ఏమీ కనిపించకపోతే అప్పుడు అనుమానం. అంతదాకా ఆగలేకపోతే ఈ రోజు పెట్టిన గుడ్లు పళ్లెంలో పగలగొట్టు. పచ్చసొన మీద తెల్లటి చుక్క ఉంటుంది. అంచులు సరిగా లేని చిన్న ముద్దలా ఉంటే ఫలించనిది. కాస్త పెద్దగా, మధ్యలో లేతగా, చుట్టూ తెల్లటి వలయంలా ఉంటే ఫలించినది. ఆదివారం లోపు ఈ పని చెయ్, తర్వాత అమ్ముకో.

కల్వకుర్తి_కుర్రోడు
అక్కా, పుంజును వారం రోజులు పెట్టలకు దూరంగా కట్టేస్తే వీర్యం బాగా పండుతుందంటారు, నిజమేనా?

జడ్చర్ల_బ్రీడర్‌ఫారం
నేను చెప్తా. నాళం కింది భాగంలో నిలవున్నది పండదు, పాతబడుతుంది. ఒకటి రెండు రోజుల విశ్రాంతికి పరిమాణం పెరుగుతుంది, అంతే. వారాల తరబడి కట్టేస్తే మొదట వచ్చేది ముసలి వీర్యమే. అసలు నిలవ ఉంచుకునే గొప్పతనం పెట్టది. దాని గుడ్డునాళంలో, యోనికి పైచివర గోడలో సన్నని గొట్టాలుంటాయి. శుక్రకణాలు వాటిలో రెండు వారాలకు పైగా బతుకుతాయి. అందుకే పుంజును తీసేసిన వెంటనే గుడ్లు మారవు, కొత్తదాన్ని తెచ్చినా కొన్నాళ్లు పాతదాని పిల్లలూ వస్తుంటాయి. జాతి కోసం పుంజును మార్చేవాళ్లు మూడు వారాలు ఆగి గుడ్లు తీసుకోవాలి.

దేవరకొండ_పెరటికోళ్లు
మూడు గుడ్లు పగలగొట్టాను. అమ్మ తిట్టింది. రెండింట్లో వలయం స్పష్టంగా ఉంది, ఒకదాంట్లో ఉత్త చుక్క. బుట్ట మాత్రం నిజంగానే రేకుల కిందే పెట్టాం అక్కా. ఇప్పుడు దాన్ని నీళ్ల కుండ పక్కకు మార్చాను.

నకిరేకల్_నాటుకోడి
మూడింట్లో ఒకటి పోయిందంటే పుంజుది కొంతైనా ఉన్నట్టే కదా. నా మాట నేను వెనక్కి తీసుకోను.

అచ్చంపేట_అక్క
ఆ చుక్క గుడ్డు ఏ పెట్టదో చూడు తమ్ముడూ. గుంపులో పుంజు దగ్గరికి పోని పెట్ట ఒకటుంటుంది. పొద్దున తలుపు తీయగానే గోడెక్కేది అదేనేమో.