డబ్బు పాఠం ఇరుగుపొరుగు పద్ధతులతో మొదలుపెట్టాలా?

లెక్కల టీచర్:
తొమ్మిదో తరగతికి డబ్బు పాఠం తయారు చేస్తున్నాను. పుస్తకంలో పొదుపు, అప్పు, వడ్డీ అన్నీ బ్యాంకుతోనే మొదలవుతాయి. పిల్లలకు తెలిసినవేమో చీటీల్లాంటివి, ఇరుగుపొరుగులో సంప్రదాయంగా నడిచే పద్ధతులు. వాటితోనే మొదలుపెడితే? వద్దనేవాళ్లు కారణం కూడా చెప్పండి.

రిటైర్డ్ బ్యాంకర్:
నేను వద్దంటాను. సంప్రదాయం అని బడిలో చెప్పగానే అది మంచిదేనని పిల్లల్లో ముద్ర పడిపోతుంది. ఈ పద్ధతులన్నీ నమ్మకం మీద నడుస్తాయి. మోసగాళ్లు దిగేది సరిగ్గా అక్కడే, మనవాడే కదా అనిపించుకుని. చాలా దేశాల్లో బ్యాంకు డిపాజిట్‌కు ఒక పరిమితి దాకా బీమా ఉంటుంది, వీటికి ఉండదు. ఉన్న కాసిని పీరియడ్లలో చక్రవడ్డీ, ఫోన్‌లో దొరికే అప్పుల సంగతి నేర్పండి.

అర్థశాస్త్రం విద్యార్థి:
సార్, మీ భయం నిజమే. ఆ భయాన్ని పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలన్నా ఈ పద్ధతులే కావాలి. ఘనాలో సుసు అని ఉంది. చిన్న వ్యాపారుల దగ్గరికి ఒకాయన రోజూ వచ్చి ఒకే మొత్తం వసూలు చేసుకుంటాడు. నెలాఖరుకు తిరిగిచ్చేటప్పుడు ఒక రోజు డబ్బు తన కూలిగా ఉంచుకుంటాడు. 30 రోజులు పదేసి కడితే 290 చేతికొస్తుంది. దాచుకున్నవాళ్లే ఎదురు కడుతున్నారు! ఎందుకు కడతారని క్లాసులో అడగండి. ఇంట్లో ఉంటే ఖర్చైపోతుందని ఒకరంటారు, బ్యాంకుకు వెళితే పూట బేరం పోతుందని ఇంకొకరు. అప్పుడు అసలు లెక్క చేయించండి. ఆయన దగ్గర నెలంతా 300 లేదు, రోజూ పదేసి పెరిగింది. సగటు 155. దాని మీద 10 అంటే నెలకు ఆరు శాతం పైనే.

మెక్సికో తాందా, ఇండొనేషియా అరిసాన్ ఇంకో రకం. పన్నెండు మంది నెలకు వందేసి వేస్తే, నెలకొకరు 1200 ఎత్తుకుంటారు. మొదట ఎత్తుకున్నవాళ్లకు అది వడ్డీ లేని అప్పు. చివరివాళ్లు వడ్డీ లేకుండా అప్పిచ్చినట్టు. మొదటి నెల ఎత్తుకున్న మనిషి కట్టడం మానేస్తే? మీరు చెప్పిన మోసం పాఠం అక్కడే మొదలవుతుంది.

ఓ అమ్మ:
లెక్క బాగుంది. నా టెన్షన్ వేరే. "మీ ఇంట్లో ఎలా దాస్తారో అడిగి రాసుకురండి" అని హోంవర్క్ ఇస్తారేమో. అప్పుల్లో మునిగిన ఇంటి పిల్ల ఏం రాస్తుంది? ఆడవాళ్ల చేతికి డబ్బివ్వకపోవడం కూడా కొన్ని ఇళ్లలో సంప్రదాయమే, దాన్నేం చేస్తారు?

లెక్కల టీచర్:
ఇంటి వివరాలు అడగనండి. సుసు లాంటి దూరపు పద్ధతిని బోర్డు మీద పెడతాను, పోల్చుకునే పిల్లలు మనసులోనే పోల్చుకుంటారు. డబ్బు ఎవరి చేతిలో ఉంటుందన్న ప్రశ్న మాత్రం క్లాసులో అడిగి తీరాలి.

రిటైర్డ్ బ్యాంకర్:
సుసు లెక్క నాకూ నచ్చింది. కానీ 2014లో ఫెర్నాండెస్, లించ్, నెటెమేయర్ అనే పరిశోధకులు పాత అధ్యయనాలను కలిపి చూసి, మనుషుల డబ్బు అలవాట్లలోని తేడాల్లో 0.1 శాతానికే డబ్బు పాఠాల చదువు కారణమని తేల్చారు. నేర్చుకున్నది నెలలు గడిచేకొద్దీ మరిచిపోతారని కూడా. అందుకే టీచర్ గారూ, ఆర్నెల్ల తర్వాత అదే పిల్లలకు ఒక ఫోన్ అప్పు కాగితం ఇచ్చి, నిజంగా వడ్డీ ఎంత పడుతోందో లెక్క కట్టమనండి. కట్టగలిగితే నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటాను.